పక్క మంచం

మంటల్లోకి నడిచి వెళ్లే మనిషికి మంచం ఎక్కాలంటే భయమేస్తోందంటే ఎవరైనా నవ్వుతారు. అందుకే బండన్న ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అగ్నిమాపక కేంద్రంలో అతని అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినపడదు. భుజాలు చూసి ఎవరో బండ అన్నారు, నెరిసిన చెంపలు చూసి మిగతావాళ్లు అన్న చేర్చారు. అంత మనిషి ఇప్పుడు సొంత ఇంట్లో, సొంత పడకగది గుమ్మం దగ్గర, పరీక్ష హాలు ముందు పిల్లాడిలా తచ్చాడుతున్నాడు.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. రాత్రంతా స్టేషన్లో ఉండి వచ్చిన రోజున పొద్దున్నే పడుకోవడం అలవాటు. భార్య కిటికీ తెరలు దించి, మంచం పక్కన స్టూలు మీద మిషను సిద్ధం చేసి పెట్టింది. చెప్పుల డబ్బా అంత పెట్టె. దాని వెనక నుంచి మెలికల గొట్టం, గొట్టం చివర ముక్కు మీద పెట్టుకునే మెత్తటి ముసుగు, తల చుట్టూ బిగించే పట్టీలు. తెచ్చి ఇచ్చిన అమ్మాయి, "నిద్రలో మీ గొంతు మూసుకుపోతోందండీ. ఈ గాలి దాన్ని తెరిచి ఉంచుతుంది, అంతే. నోరు మూసుకుని ముక్కుతో పీల్చుకోండి" అని జలుబుకి ఆవిరి పట్టమన్నంత తేలిగ్గా చెప్పి పోయింది. డాక్టరు అంత తేలిగ్గా చెప్పలేదు. ఒంటి నిండా తీగలు అంటించి ఒక రాత్రంతా పరీక్ష చేసి, "నిద్రలో మీ ఊపిరి మాటిమాటికీ ఆగిపోతోంది. వదిలేస్తే గుండె మీదికి వస్తుంది" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి మిషను లేకుండా కన్ను మూయాలంటే భయం. మిషను పెట్టుకుంటే ఇంకో భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"రండి, నేనూ పక్కనే పడుకుంటాను" అంది భార్య. "చెయ్యి పట్టుకోండి. మీకేం కాదు."

అతను ముసుగు బిగించుకున్నాడు. గాలి బుస్సుమంటూ ముక్కులోకి కొట్టింది. ముసుగు అతనికి కొత్తేమీ కాదు. ఇన్నేళ్లుగా వీపున గాలి సిలిండరు, ముఖాన ముసుగు వేసుకునే పొగలోకి వెళ్తున్నాడు. కానీ అక్కడ ముసుగు బయట చావు ఉందని తెలుసు, లోపల గాలి ఉందని తెలుసు. ఇక్కడ గదిలో పొగ లేదు, సెగ లేదు, తెరల సందులోంచి చక్కగా ఎండ పడుతోంది. మరి ముసుగెందుకు? చావు ఎక్కడుంది? తన గొంతులోనే ఉంది. ఆ ఆలోచన రాగానే ఒళ్లంతా చెమట పట్టింది. భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని, పళ్లు బిగించి, ఎప్పటికో నిద్రలోకి జారాడు.

కళ్లు తెరిచేసరికి హాల్లో ఉన్నాడు. మోకాళ్ల మీద ఉన్నాడు. కుడి చెయ్యి గోడని తడుముతోంది. ఎడమ చెయ్యి భార్య భుజం దగ్గర జాకెట్టుని పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆమె వెల్లకిలా నేలకి రాసుకుంటూ అతని వెనకే వస్తూ, "ఏవండీ! ఏవండీ! నేనండీ!" అని అరుస్తోంది. ఎదురుగా వీధి తలుపు దగ్గర పళ్లెంలో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు నోరు తెరుచుకుని చూస్తోంది. అతని ముఖాన ముసుగు ఇంకా ఉంది. మిషను నుంచి ఊడొచ్చిన గొట్టం వెనక నేల మీద పాకుతోంది.

ఏం జరిగిందో కాసేపటికి అర్థమైంది. నిద్రలో ముసుగు అంచు చెంప దగ్గర లేచి, గాలి సన్నగా ఈల వేసినట్టు బయటికి వచ్చింది. అతని పనిలో ఈలకి ఒకటే అర్థం. సిలిండరులో గాలి అడుగంటుతుంటే దానికున్న ఈల మోగుతుంది. మోగిందంటే ఇక ఆలోచనలు లేవు. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి జతగాడి భుజం పట్టీకి, వచ్చిన దారినే బయటికి. మనిషి నిద్రపోతున్నా ఒళ్లు డ్యూటీ మరిచిపోలేదు.

"లోకంలో మగాళ్లందరూ ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అంది అత్తగారు, చెల్లాచెదురైన బఠాణీలు ఏరుకుంటూ. "మా అల్లుడుగారు వీధిలో పులి, ఇంట్లో పిల్లి. ఆ తొండం తీసెయ్యండి నాయనా ముందు, చూడలేకపోతున్నాను."

బండన్న నవ్వబోయాడు. అప్పుడు భార్య మోచేయి కనిపించింది. గుమ్మం గడప కొట్టుకుని చర్మం లేచిపోయి, నెత్తురు చిమ్ముతోంది. ఆమె లేచి కూర్చుని, అతను మళ్లీ దగ్గరికి రాబోతే రవ్వంత వెనక్కి జరిగింది. ఆ రవ్వంత జరగడం చూసి అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ సాయంత్రం మిషనుని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేశాడు.

"డాక్టరేమన్నాడు మరి?" అంది భార్య.

"డాక్టరుకేం, చెప్తాడు. పెళ్లాన్ని ఈడ్చుకెళ్లేది ఆయన కాదుగా."

స్టేషన్లో అతని జబ్బు సంగతి తెలిసింది ఒక్కడికే. ఆ ఒక్కడు పుల్ల. ఒంట్లో కండ లేకపోయినా గొడ్డలి తీస్తే తలుపు రెండు దెబ్బల్లో దిగాల్సిందే. లోపలికి ఎప్పుడూ ఇద్దరిద్దరుగా వెళ్తారు, బండన్నకి జత పుల్ల. బ్యారక్కులో మంచాలు కూడా పక్కపక్కనే. డాక్టరు మాటని బండన్న వాడికి ఒక హాస్యంలా చెప్పాడు. "నిద్రలో చచ్చి బతుకుతున్నానటరా, నాకు తెలియకుండానే" అని పగలబడి నవ్వి, "ఆఫీసరు చెవిన పడిందో, బండి దింపేసి స్టోరులో కూర్చోబెడతాడు. నోరు జారకు" అన్నాడు. బండి మీది సీటు పోవడమంటే అతనికి మనిషి పోయినంత పని. పుల్ల ఆ రోజు నవ్వలేదు. సరేనన్నట్టు తలాడించాడు.

తర్వాతి డ్యూటీకి వెళ్లేసరికి పుల్ల కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. బండి వెనక నిలబడి, సిలిండర్లను చూస్తూ ఆవలిస్తున్నాడు. డ్యూటీ మారగానే మొదటి పని అది. ఒక్కో సిలిండరు మర తిప్పి, ముల్లు నిండుగా చూపిస్తోందా లేదా చూసి, మర కట్టి, చూసినట్టు గుర్తుగా దాని మెడ మీద సుద్దతో ఒక గీత గీయాలి. ఆ పని పుల్లది. పైపులు ఆరబెట్టడం, వాటి చివర ఉండే ఇత్తడి మూతులు తోమడం మిగతావాళ్లది.

"ఏరా, చంటిది నిద్రపోనివ్వట్లేదా?" అన్నాడు మీసాలు. అందరికంటే ముందు మీసం, దాని వెనక తను వస్తాడని వాడికా పేరు.

"ఆఁ. కడుపునొప్పి. రాత్రంతా ఒకటే ఏడుపు" అన్నాడు పుల్ల.

"పాప ఏడిస్తే ఇంట్లో ఉన్న రాత్రి నిద్ర చెడాలి గానీ, మొన్న ఇక్కడ పడుకుని లేచి కూడా పొద్దున్నే దెయ్యంలా ఉన్నావు?"

"నిప్పు లేనిదే పొగ రాదురా" అని ఇంకొకడు కన్ను గీటాడు. అందరూ నవ్వారు. బండన్న కూడా నవ్వాడు.

ఆ నవ్వుల మధ్యకే ఆఫీసరు వచ్చాడు. అప్పుడప్పుడూ ఆయన చెప్పా పెట్టకుండా వచ్చి ఏదో ఒకటి ముట్టుకుని చూస్తాడు. ఆ రోజు బండన్న సీటు వెనక ఉన్న సిలిండరు మీద చెయ్యి వేశాడు. మెడ మీద సుద్దగీత తెల్లగా, తాజాగా ఉంది. మర తిప్పాడు. ముల్లు సగం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

ఇత్తడి తోముతున్న గుడ్డ ఆగింది.

"ఇది ఎవరు చూశారు?"

"నేనేనండి" అన్నాడు పుల్ల.

"చూశావా, గీత గీశావా?"

పుల్ల తల వంచుకున్నాడు. బండన్న ఆ ముల్లు వంకే చూస్తున్నాడు. ఇప్పుడు గంట మోగి ఉంటే ఆ సిలిండరే తన వీపున ఉండేది. పొగలో పోయేంత దూరం పోయాక, వెనక్కి రావడానికి గాలి లేక... మిషను ముసుగు కింద పట్టిన చెమటే మళ్లీ పట్టింది. భయం కోపమై బయటికి వచ్చింది.

"నన్ను చంపేద్దామనుకున్నావురా? జతగాడివి కదరా! కళ్లు మూసుకుని గీత గీయడానికి గోడ మీద పిచ్చిగీత అనుకున్నావా? నీ ఇంటి గోల ఇంటి దగ్గర పెట్టుకో. నీతో లోపలికి రావడం కంటే కొరివితో తల గోక్కోవడం నయం!"

"తప్పయిపోయిందన్నా" అన్నాడు పుల్ల.

"వచ్చే డ్యూటీ నుంచి స్టోరులో కూర్చో" అన్నాడు ఆఫీసరు. "దుప్పట్లు లెక్కపెట్టు. అక్కడ తప్పు చేస్తే ఎవరూ చావరు."

మర్నాడు పొద్దున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఇళ్లకి పోయారు.

ఇంట్లో విషయం విని భార్య ఊరుకోలేదు. మోచేతికి కట్టిన గుడ్డ సర్దుకుంటూ, "తప్పు చేశాడు, నిజమే. కానీ చంటిపిల్ల ఉన్న ఇల్లు. అందరి ముందూ అన్ని మాటలు అంటారా? పాపని పగటిపూట మన దగ్గర వదిలిపెట్టమనండి. నేనూ అమ్మా చూసుకుంటాం. వాళ్లు కాసేపు కన్ను మూస్తారు" అంది.

"అడుక్కుంటూ పోవాలా నేను?"

"తిట్టడానికి మీరే వెళ్లారుగా. దీనికీ మీరే వెళ్లండి."

పుల్ల ఇల్లు రెండు వీధుల అవతల, మేడ మీద గది. తలుపు తీసింది పుల్ల భార్య. చంకలో పాప బొద్దుగా, కడుపు నిండిన ముఖంతో వేళ్లు చీకుతోంది. బండన్న గొంతు సవరించుకుని వచ్చిన పని చెప్పాడు. ఆమె తెల్లబోయింది.

"పాపకేం అన్నయ్యగారూ? రాత్రి పడుకోబెడితే తెల్లారిందాకా లేవదు. అందరూ దిష్టి పెడతారని నేనే బయట చెప్పను. ఈయనకే ఏమయిందో. డ్యూటీ నుంచి వస్తే చచ్చినట్టు పడి నిద్రపోతున్నారు. మీకు రాత్రిళ్లు ఒకటే ఫైరు కాల్స్ అటగా ఈ మధ్య?"

వాళ్ల డ్యూటీలో ఈ మధ్య రాత్రిపూట గంట మోగిందే లేదు. బండన్న ముందు చెడ్డగానే అనుకున్నాడు. వీడు రాత్రిళ్లు ఎక్కడికి పోతున్నాడు? ఎవరితో? లోపలి నుంచి బనియనుతో వచ్చిన పుల్ల అతన్ని చూసి, భార్యను చూసి, "పద అన్నా, మెట్ల మీద కూర్చుందాం" అన్నాడు.

మెట్ల మీద ఎవరో ఆరేసిన దుప్పటి నీడ పడుతోంది. ఇద్దరూ పక్కపక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

"ఇంట్లో స్టేషన్ మీద చెప్తావు, స్టేషన్లో ఇంటి మీద చెప్తావు. రాత్రంతా ఏం వెలగబెడుతున్నావురా?"

పుల్ల కాలిగోరు గిల్లుకున్నాడు.

"నీ గురక వింటూ కూర్చుంటున్నాను."

"ఏంటీ?"

"గురక వినపడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. నీ పొట్ట లేవడానికి చూస్తుంది, లేవదు. నోరు తెరుస్తావు, గాలి పోదు. అప్పుడు నీ మంచం కోడుని కాలితో తంతాను. తంతే ఒక్కసారి గుర్రుమని మళ్లీ మొదలవుతుంది. ఒక్కోసారి మొదటి తన్నుకి మొదలవదు." వాడు గోరు వదిలేశాడు. "నువ్వు డాక్టరు మాట చెప్పి నవ్వావు చూడు, ఆ రాత్రి నుంచీ. కాస్త కునుకు పడదామనుకుంటా. నేను కునికినప్పుడు నీది ఆగిపోతేనో అని మెలకువ వచ్చేస్తుంది. ఇంటికొచ్చి ఎంత పడుకున్నా ఆ నిద్ర తీరట్లేదు. పొగలో ఎప్పుడూ అంత భయం వెయ్యలేదన్నా నాకు."

బండన్న తను బ్యారక్కులో మాత్రం హాయిగానే నిద్రపోతున్నానని, ఇంటి దగ్గరే ఈ పాడు భయమని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ హాయి పక్క మంచం మీద ఒకడు తన నిద్ర ఖర్చు పెట్టి తెచ్చింది. అలా నిద్ర ఖర్చయిపోయే వాడు సిలిండరు చూడకుండా సుద్దగీత గీసేశాడు. దానికి అందరి ముందూ తను వాడిని కొరివి అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఏం చేస్తావు? ఆఫీసరుకి చెప్పొద్దన్నావు. మిషను బీరువా ఎక్కించానని నువ్వే చెప్పావు. నిద్ర మానేస్తావా?"

"తిట్టినప్పుడైనా చెప్పాల్సింది."

"అందరూ ఉన్నారుగా" అన్నాడు పుల్ల.

లోపల పాప కేరింతలు కొడుతోంది. బండన్న లేచి నిలబడ్డాడు. ఇంటికి వెళ్లి బీరువా మీద నుంచి మూట దింపి, "ముసుగు చెంప దగ్గర లేవకుండా ఏదైనా ఉందేమో ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యి" అన్నాడు భార్యతో. ఆ అమ్మాయి సాయంత్రం వచ్చి, అతని ముక్కుకి చిన్నది సరిపోతుందని ముసుగు మార్చి ఇచ్చింది. ఆ రాత్రి దాన్ని పెట్టుకుని పడుకున్నాడు. ఎవరినీ ఈడ్చలేదు, ఎక్కువ నిద్రా పోలేదు. భార్య మాత్రం గది మారలేదు. మంచానికి అవతలి అంచున పడుకుంది.

తర్వాతి డ్యూటీకి వెళ్లగానే మిషను సంచీతో సహా ఆఫీసరు గదిలోకి వెళ్లి, అన్నీ చెప్పేశాడు. ఆఫీసరు వినడం ముగించేదాకా కుర్చీలో కదల్లేదు.

"నిద్ర లేకపోతే నాకు చెప్పాలి. చూడకుండా గీత గీయకూడదు. వాడి తప్పు తప్పే."

"అవునండి. వాడి తప్పు వెనక నా తప్పుంది. నన్ను దింపండి, వాడిని బండి మీద ఉంచండి."

"దిగితే ఏమవుతుందో తెలుసా? మిషనుతో సరిగ్గా నిద్రపోతున్నావని డాక్టరు రాసిచ్చేదాకా లోపలికి పోవడం లేదు. బయట పంపు దగ్గర నిలబడాలి. రాసిస్తాడో లేదో కూడా నేను చెప్పలేను."

బండన్న ఇన్నాళ్లూ ఏ మాటకి భయపడి దాక్కున్నాడో ఆ మాటే ఇది. "సరేనండి" అన్నాడు.

"వాడు బండి మీదే ఉంటాడు. ఇంకొకటి. ఈ స్టేషన్లో నువ్వు కన్ను మూస్తే దాంతోనే మూయాలి. అందరి ముందూ."

"సరేనండి."

బయటికి వచ్చేసరికి గంట మోగింది. అట్టపెట్టెల గోదాము అంటుకుంది. పుల్ల, మీసాలు సిలిండర్లు తగిలించుకుని, ఒకరి పట్టీ ఒకరు లాగి చూసుకుని, నల్లటి పొగలోకి వంగి వెళ్లిపోయారు. బండన్న పంపు మర మీద చెయ్యి వేసి బయట నిలబడ్డాడు. లోపలికి వెళ్లినప్పుడు ఏం చెయ్యాలో చేతులకి తెలుస్తుంది, భయపడటానికి తీరిక ఉండదు. బయట తీరికే తీరిక. గుమ్మంలోంచి లోపలికి పోయిన పైపు వంకే చూశాడు. అది కదిలితే మనుషులు కదులుతున్నట్టు. కాసేపు కదిలింది. తర్వాత కదల్లేదు. "పుల్లా!" అని అరిచాడు. పంపు మోతలో తన గొంతు తనకే వినపడలేదు. ఇలా చూస్తూ కూర్చోవడం ఏమిటో అప్పుడు తెలిసింది. వాడు రాత్రులకి రాత్రులు దీన్నే చూశాడు. పైపు మళ్లీ కదిలింది. చాలాసేపటికి ఇద్దరూ మసి ముఖాలతో బయటికి వచ్చి, ముసుగులు తీసి, గోడకి ఆనుకుని దగ్గారు. బండన్న నీళ్ల సీసా పుల్ల చేతికిచ్చాడు. ఇవ్వాల్సిన మాట కూడా ఒకటి ఉంది గానీ అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

స్టేషనుకి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. పైపులు కడిగి ఎండకి వేలాడదీశాక, కాసేపు నడుం వాల్చమన్నాడు ఆఫీసరు. బ్యారక్కులో బండన్న సంచీ విప్పాడు. మిషను బయటికి తీసి, రెండు మంచాల మధ్య పెట్టి, ప్లగ్గు పెట్టాడు.

"అమ్మో, మన స్టేషనుకి ఏనుగు వచ్చిందిరోయ్" అన్నాడు మీసాలు. ఒకడు కిసుక్కుమన్నాడు. బండన్న వాళ్ల వైపు తిరిగాడు.

"నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతుంది. ఇది లేకపోతే పోతాను. మొన్నటిదాకా ఇది లేకుండానే ఎందుకు పోలేదంటే, వీడు" అని పుల్లను చూపించాడు, "రాత్రంతా కూర్చుని నన్ను లేపాడు. ఆ సిలిండరు సంగతి అదీ. వాడిని అన్న మాటలు నాకు నేను అనుకోవాల్సినవి."

మీసాలు నోరు మీసం కింద ఎక్కడికో పోయింది. ఎవరో చెయ్యి చాపి కిటికీ రెక్క మూశారు, ఎండ అతని ముఖాన పడకుండా.

బండన్న ముసుగు తగిలించుకుని వెల్లకిలా పడుకున్నాడు. గాలి బుస్సుమంది. అంతమంది మధ్య ముక్కుకి గొట్టంతో పడి ఉండటం అతనికి చచ్చేంత సిగ్గుగా ఉంది. అంతకంటే ఎక్కువ భయంగా ఉంది. పుల్ల పడుకోలేదు. బూట్లు విప్పకుండా, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, తన మంచం అంచున కూర్చుని చూస్తున్నాడు.

"పడుకోరా" అన్నాడు బండన్న, ముసుగులోంచి.

"నువ్వు పడుకో ముందు."

"ఇది ఉందిగా."

"చూస్తా ఉండు, ఎలా పనిచేస్తుందో."

కాసేపు చూశాడు. గాలి లోపలికి పోవడం, పొట్ట లేవడం, గాలి బయటికి రావడం, పొట్ట దిగడం, అదే వరస, తప్పకుండా. పుల్ల తల ఒకసారి ముందుకు తూలింది. సర్దుకున్నాడు. మళ్లీ తూలింది. ఆ తర్వాత కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. తల దిండుకి చేరలేదు, కాళ్లు నేల మీదే ఉన్నాయి. నోరు తెరుచుకుని పసిపిల్లాడిలా నిద్రపోయాడు.

బండన్నకి మాత్రం నిద్ర రాలేదు. ముసుగు ముఖాన్ని నొక్కేస్తున్నట్టు, గాలి అందీ అందనట్టు, ఇప్పుడే తీసి పారేయకపోతే ఏదో అయిపోతుందన్నట్టు ఉంది. కుడి చెయ్యి తనంతట తనే లేచి చెంప దగ్గరి పట్టీ పట్టుకుంది. ఒక్క లాగు లాగితే చాలు. మిషను చప్పుడు మారుతుంది. మారిన మరుక్షణం పక్క మంచం మీద వాడు దిగ్గున లేచి కూర్చుంటాడు.

అతను పట్టీ వదిలాడు. ఆ చేతిని దించి, తొడ కింద పెట్టుకుని, ఒంట్లో ఉన్న బరువంతా దాని మీద వేసి పడుకున్నాడు.